కొప్పులు పెట్టే మనిషి

కిందటి నెల శృంగవరపుకోటలో విజయనగరం బస్సెక్కాను. నా ముందు సీట్లో ఒక కాలేజీ పిల్ల. జుట్టు నడుం దాటి ఉంది. కిటికీ అద్దం సగంలో ఇరుక్కుపోయి మూతపడటం లేదు. గాలికి ఆ జుట్టంతా నా మొహం మీదికీ, నా పక్కన కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు మీదికీ ఎగురుతోంది. పిల్ల పాపం ఊరికే కూర్చోలేదు. ప్రయాణాల్లో పొడుగు జుట్టుని నిమిషంలో ముడి వేసుకోవడం ఎలాగో చూపించే వీడియో ఒకటి ఫోన్లో పెట్టుకుని, రెండు చేతులూ తల వెనక్కి పెట్టి అవస్థ పడుతోంది. బస్సు గుంటలో పడ్డప్పుడల్లా ముడి జారిపోతోంది.

"ఇలా తిరుగమ్మా" అన్నాను.

జుట్టు మొత్తం కుడిచేత్తో పోగుచేసి, తాడులా మెలితిప్పి, దాని చుట్టూ దాన్నే చుట్టి, చివర లోపలికి దోపాను. ఆమె బ్యాగు జేబులో ఉన్న పెన్ను తీసి అడ్డంగా గుచ్చాను. బస్సు రెండు గుంటలు దాటింది. ముడి కదల్లేదు.

పిల్ల తల అటూ ఇటూ ఊపి చూసుకుని నవ్వింది. "ఎంత ఫాస్టుగా వేసేసారు మేడమ్! ఎవరు నేర్పారు?"

చెప్పబోయి ఆగిపోయాను. నేర్పిన మనిషి పేరు నాకు తెలియదు. మూడేళ్ళకి పైగా ఒకే రైలు పెట్టెలో తిరిగాం. ఆమె చెయ్యి నా తల మీద ఎన్నిసార్లు పడిందో లెక్కలేదు. ఆమె పోయిన రోజున ఆమె ఇంటి ముందు నిలబడ్డాను కూడా. పేరు మాత్రం అడగలేదు. ఆమె కూడా నా పేరు అడగలేదు. నన్ను "పంతులమ్మా" అనేది. మేమంతా ఆమెని "కొప్పులావిడ" అనుకునేవాళ్ళం.

అప్పట్లో నేను చీపురుపల్లి నుంచి కోటబొమ్మాళి హైస్కూలుకి పాసింజరు బండిలో వెళ్ళి వచ్చేదాన్ని. సాయంత్రం బండి కోటబొమ్మాళికి వచ్చేసరికి ఆమె ఆడవాళ్ళ పెట్టెలో ఉండేది. వెనక స్టేషను నౌపడాలో ఎక్కేది. సముద్రం ఒడ్డు మనిషి. ఎండు చేపల గంప సీటు కిందికి తోసి, విజయనగరంలో దిగి, మర్నాడు పొద్దున్న బజార్లో అమ్ముకుని తిరిగి వెళ్ళిపోయేది. వారంలో రెండు మూడు సాయంత్రాలు అలా కనిపించేది. యాభై అయిదేళ్ళుంటాయేమో. ఎండకీ ఉప్పుగాలికీ నల్లబడి బిగిసిన ఒళ్ళు. తలకి ముదురు ఎరుపు తువ్వాలు, నుదుటి దాకా లాగి, చెవులు కూడా కప్పి, వెనక గట్టిగా కట్టుకునేది. మే నెల ఉక్కలో చెమట ధారలు కట్టి కళ్ళలోకి దిగుతున్నా ఆ తువ్వాలు విప్పగా నేను చూడలేదు.

చేపల వాసనకి మొదట్లో అందరం ముక్కు మూసుకుని దూరంగా జరిగేవాళ్ళమే. కానీ జుట్టు విరబోసుకుని ఎవరైనా పెట్టెలోకి ఎక్కితే ఆమె కూర్చోలేకపోయేది. సీటు అంచుకి జరిగి, మోకాళ్ళు ఎడం చేసి, ఆ మధ్య ఖాళీని చేత్తో తట్టి చూపించేది.

"రా. కూకో. ఏ టేసన్లో దిగుతావు?"

ఎప్పుడూ అదే మొదటి ప్రశ్న. ఎక్కడ దిగుతామో తెలిస్తేగాని ఆమె చెయ్యి పని మొదలుపెట్టేది కాదు. తిలారులో దిగేవాళ్ళకి రెండు మెలికల ముడి చాలు. విశాఖ దాకా వెళ్ళేవాళ్ళకి చెవి పక్కన కొప్పు, కిటికీ ఊచలకి తల ఆన్చి నిద్రపోయినా వెనక ఒత్తుకోకుండా. నెత్తిన బరువు మోసేవాళ్ళకి మెడ మీదికి దిగేలా పలచగా, రొట్టెలా పరిచిన ముడి. చంకలో పిల్లాడున్న తల్లికి నడినెత్తిన చుట్ట, చివరలు ఎక్కడా బయటికి కనిపించకుండా. "ఆ గుంటడి సేతికి కొస దొరికిందా, నీ పని అయిపోనాదే" అనేది. తడి జుట్టుని మాత్రం ముడి వేసేది కాదు. చీర కొంగుతో పిండి, వదులుగా మెలిపెట్టి భుజం మీద వేసేది.

పిన్నులు వాడేది కాదు. ఇనుము తల దగ్గరికి రానిచ్చేది కాదు. నా చేతిలో ఎర్రసిరా పెన్ను, ఎవరి సంచిలోనో ఉన్న పళ్ళు తోముకునే బ్రష్షు, వేప పుల్ల, చీపురు పుల్ల, పిల్లల పెన్సిలు ఏది దొరికితే అది. ఏదీ లేకపోతే జుట్టుతోనే జుట్టుని కట్టేసేది. ఆ చేతుల వేగం చూస్తుంటే మాకు మాటలు ఆగిపోయేవి. "సూడు, బేగి నేర్సుకో. రేపు నాను ఉండను" అంటూ నా చేత కూడా వేయించేది. నాలుగైదు రకాలు నాకు అలా వచ్చాయి.

అంతవరకూ బాగానే ఉండేది. ముడి వేయడానికి ముందు ఆమె చేసే పని ఒకటుండేది. అది ఎవరికైనా కొత్తలో ఒళ్ళు జలదరింపే. జుట్టు కొస పట్టుకుని, కళ్ళు మూసుకుని, ముక్కు దగ్గరికి తెచ్చుకునేది. తర్వాత కొస నుంచి మొదలు దాకా రెండు వేళ్ళ మధ్య మెల్లిగా నడిపించేది, దారం నాణ్యం చూసినట్టు. అప్పుడు ముడి. ముడి అయ్యాక పెదవులు కదిలేవి.

"కాదు."

పక్కన కూర్చుంటేనే వినిపించేంత చిన్నగా. ప్రతి తలకీ అంతే. ఒక సాయంత్రం ఏడుగురికి వేసింది. ఏడుసార్లు అనుకుంది. "ఏటి కాదు?" అని ఎవరో నవ్వుతూ అడిగితే, "ఏటీ నేదు. నోటి ఊత" అని గంప సర్దుకుంది.

జుట్టు చూసి మనుషుల సంగతి చెప్పేసేది. శ్రీకాకుళం రోడ్డులో ఎక్కే ఒక బ్యాంకు ఉద్యోగిని ఉండేది. ఎప్పుడూ ఇస్త్రీ చీర, ఎప్పుడూ నవ్వు. ఒకరోజు ఆమె తల పట్టుకున్న కొప్పులావిడ చెయ్యి ఆగింది.

"అమ్మీ, కొసలు కాదు, మొదల్లో తెగిపోతన్నాది. ఎవులు పీకుతన్నారే నీ జుట్టు?"

"ఎవరూ లేదు. దువ్వుకుంటే ఊడుతోంది" అందామె.

"దువ్వెన ఒక్కపక్కే పీకదు కదేటి?"

బండి నాగావళి వంతెన మీద మోగుతూ వెళ్తోంది. ఆ బ్యాంకు ఉద్యోగిని ఇస్త్రీ చీర కొంగు నోట్లో కుక్కుకుని పొందూరు వచ్చేదాకా ఏడ్చింది. కొప్పులావిడ ఆమెకి దెబ్బ తగిలిన వైపు తాకకుండా, రెండో వైపు కొప్పు పెట్టింది. తర్వాత మళ్ళీ పెదవులు కదిలాయి.

ఇంకోరోజు ఒక పెళ్ళివాళ్ళ గుంపు ఎక్కింది. ఒకమ్మాయి జడ తాకగానే కొప్పులావిడ ఉలిక్కిపడింది.

"ఇది కొన్నాదే కదా? ఎక్కడ కొన్నావు? ఎన్నాళ్ళయినాది?"

"మొన్ననే అత్తా. ఆన్‌లైన్లో."

కొసని పళ్ళతో కొరికి చూసి, ఫక్కున నవ్వింది. "పలాస్టిక్కు!" పెట్టె అంతా నవ్వింది. నాకు మాత్రం ఆమె మెడ మీద నరాలు ఉబ్బి ఉండటం కనిపించింది. కొన్న జుట్టు కనిపిస్తే ఆమెకి ఏదో అయ్యేది. అంతవరకే నాకు తెలుసు.

మూడో ఏడు నాకు టైఫాయిడ్ వచ్చింది. తగ్గాక నా జుట్టు సగానికి సగం రాలిపోయింది. పిడికెడు జుట్టుతో బడికి వెళ్ళాలంటే సిగ్గేసేది. అప్పుడు బీరువాలోంచి మా అమ్మ సవరం తీశాను. అమ్మ పోయి అప్పటికి రెండేళ్ళు. చీరలు అక్కచెల్లెళ్ళం పంచుకున్నాం. సవరం మాత్రం నేనే అడిగి తెచ్చుకున్నాను. మా తమ్ముడు పుట్టాక అమ్మకి జుట్టు రాలిపోతే గజపతినగరం సంతలో కొనుక్కుంది. నేను అప్పుడు ఆరో తరగతి. ఊరు కదిలిందంటే చాలు అమ్మ ఆ సవరం పెట్టుకునేది. ఆమె పక్కన కూర్చుని చేసిన ప్రయాణాలన్నీ నాకు ఆ నల్లటి బరువైన జడతోనే గుర్తున్నాయి.

మా ప్రధానోపాధ్యాయుడి పదవీ విరమణ సభ రోజున మొదటిసారి దాన్ని పెట్టుకుని, నా జుట్టుతో కలిపి జడ వేసుకున్నాను. తిరుగు బండిలో రద్దీ. జడ అందరికీ తగులుతోంది. కొప్పులావిడ సీటు అంచుకి జరిగి మోకాళ్ళ మధ్య తట్టింది.

"రా పంతులమ్మా. ఈయేళ పెళ్ళికూతురులాగున్నావు."

కూర్చున్నాను. ఆమె జడ కొస పట్టుకుంది. నాకు వీపు వెనక ఏమీ కనిపించదు. ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళ మొహాలు కనిపిస్తున్నాయి. ముందు వాళ్ళ నవ్వు ఆగింది. తర్వాత వాళ్ళ కళ్ళు నా తల మీదుగా వెనక్కి వెళ్ళి అక్కడే ఉండిపోయాయి. నా మెడ మీద ఆమె ఊపిరి వేడిగా తగులుతోంది. చాలాసేపటికి గాని చేతులు కదల్లేదు. వంశధార వచ్చింది, పోయింది. ఆ "కాదు" కోసం నేను ఎదురుచూస్తున్నానని నాకే అప్పుడు తెలిసింది. ఆమె ఆ మాట అనలేదు.

"ఎక్కడిది?" అంది.

"మా అమ్మది."

"మీయమ్మది కాదమ్మా. మీయమ్మ కొన్నాది."

వెనక్కి తిరిగాను. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. పోయిన పిల్ల సంతలో చెయ్యి పట్టుకుంటే తల్లి ఎలా చూస్తుందో అలా చూస్తోంది, నా వైపు కాదు, జడ వైపు.

"ఇది నాది పంతులమ్మా. నా సేతికి తెలిసిపోనాది. ఇచ్చీ. నీకు పున్నెం ఉంటాది, నాది నాకిచ్చీ."

జడ కొస ఆమె పిడికిట్లో ఉంది. లాగితే నా తల వెనక్కి వెళ్ళింది. ఆమె లాగిందో, బండి కుదిపిందో ఇప్పుడు చెప్పలేను. భయం వేసింది. భయం వేసినప్పుడు నాకు కోపం వస్తుంది.

"పిచ్చి పట్టిందా నీకు? వదులు! ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడు! చేపలు అమ్ముకునే చేత్తో అందరి తలలూ తాకనిస్తే ఇలాగే ఉంటుంది" అని అరిచాను. పాఠం చెప్పే గొంతు. పెట్టె ఆ చివరి దాకా వినిపించి ఉంటుంది. ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆమె పిడికిలి విప్పింది. ఒక్కొక్క వేలే విప్పింది. తర్వాత చేతులు రెండూ ఒళ్ళో బోర్లా పెట్టుకుని కూర్చుంది. చీపురుపల్లిలో దిగేదాకా నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.

ఇంటికి వచ్చి సవరం విప్పి, మేకుకి తగిలిస్తుంటే అమ్మ గుర్తొచ్చింది. సంత నుంచి తెచ్చిన రోజు అమ్మ దాన్ని పెరట్లో కుంకుడుకాయతో కడిగింది. కడిగి నాలిక చివరకి తాకించుకుని, "ఇదేవిటే, ఇంకా ఉప్పగానే ఉంది" అంది. మళ్ళీ కడిగింది. మూడోసారి కడుగుతుంటే నేను నీళ్ళు పోశాను. ముప్పై అయిదేళ్ళు నాకు ఒక్కసారి కూడా గుర్తురాని సంగతి. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కొబ్బరినూనె వాసన. అంతే.

ఆ తర్వాత కొప్పులావిడ ఎవరి జుట్టూ ముట్టుకోలేదు. ఎవరైనా వెళ్ళి ముందు కూర్చుంటే, "సేతులు నొప్పెడతన్నాయమ్మా" అనేది. ఆడవాళ్ళు నన్ను నిష్ఠూరంగా చూసేవాళ్ళు. నేను సవరం పెట్టుకోవడం మానేశాను. అయినా ఆమె నాకు ఎదురు సీట్లోనే కూర్చునేది. చూపు కిటికీ వైపు. చీకటి పడబోయే వేళకి కిటికీ అద్దంలో పెట్టెలోని మనుషులందరూ కనిపిస్తారు. ఆమె ఆ అద్దంలో నా మెడ వైపే చూస్తోందని ఒకరోజు గ్రహించాను. పెట్టె మారాను. పెట్టె మారినా మెడ వెనక చల్లగా ఉండేది.

వానాకాలంలో సవరం తడిగా ఉండేది. ఆ గోడకి చెమ్మ లేదు. పక్కన మేకుకి తగిలించిన తువ్వాలు పొడిగా ఉండేది. దాన్ని రెండుసార్లు ఎండలో వేశాను. సాయంత్రానికి మళ్ళీ వేళ్ళకి తడి. మా ఆయన చూసి "నూనె కారుతోంది" అన్నాడు. నేనూ అలాగే అనుకోవాలని చూశాను.

దసరా సెలవుల తర్వాత ఆమె బండిలో కనిపించడం మానేసింది. హాయిగా అనిపించాలి. అనిపించలేదు. రెండు నెలలు చూసి, ఆమె ఊరి నుంచే చేపలు తెచ్చే ఇంకొక అమ్మాయిని అడిగాను.

"అత్తకి కిడ్నీలు పోనాయి పంతులమ్మా. మంచం పట్టీసినాది. ఇంక ఎన్నాళ్ళో ఉండదు."

ఆ అమ్మాయికి ముప్పై ఏళ్ళుంటాయి. ఆ రోజు బండిలో జరిగింది ఆమెకి తెలుసు. అయినా నా మీద కోపం చూపించలేదు. నేను పక్కన కూర్చుంటే తనే చెప్పింది.

"అత్తకి తల మీద జుట్టు ఉండదు. మీరు సూసుండరు. తల మీద తోలు కూడా తొడ నుంచి తీసి ఏసినారంట. పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు సంగతి. ఏటి దాటి అమ్మోరి పండక్కి ఎల్తన్నారు, మోటారు పడవలో. తలంటుకున్నాది కదా, ఆరబెట్టుకుందామని ఇరబోసుకుని ఇంజిను దగ్గిర కూకున్నాది. గాలి తిరిగినాది. చక్రం పట్టీసుకున్నాది."

నేను నా జడని భుజం మీంచి ముందుకి లాక్కున్నాను.

"విశాఖ పెద్దాసుపత్రిలో నాలుగు నెలలున్నాది. బతికినాది, బిడ్డా బతికినాడు. ఇంటికొచ్చి, నా జుట్టేదీ అని అడిగినాదంట. ఆ జుట్టుని చక్రం నుంచి ఇప్పి, కడిగి, ఆళ్ళ అత్త దాసిపెట్టినాది. దాసిపెట్టి ఏటి సేసినాది? ఎంటికలకి స్టీలు సామాన్లిచ్చేవోడు ఊర్లోకొస్తే, ఇచ్చీసి స్టీలు బకెట్టు తీసుకున్నాది. కోడలు ఇంక బతకదనుకున్నాదంట. ఆ బకెట్టు ఇప్పటికీ ఆళ్ళింట్లోనే ఉన్నాది. మా అత్తే రోజూ దాన్తో నీళ్ళు తోడుకునీది."

"మరి ఆమె ఊరుకుందా?"

"ఒక్క మాటా అననేదంట. రైల్లో తిరగడం మాత్రం అప్పట్నుంచే. మాయమ్మ సెప్పీది, ఎండు సేపలు నౌపడాలోనే అమ్ముకోవచ్చు, ఆవిడ తిరిగీది దానికోసమే అని."

ఆ రాత్రి వేళ్ళ మీద లెక్క వేసుకోకుండా ఉండలేకపోయాను. పెద్దోడు కడుపులో. వాడికి ముప్పై అయిదు నిండాయని ఆ అమ్మాయే చెప్పింది; అంటే ఆమె కొడుకూ మా తమ్ముడూ ఒక ఈడువాళ్ళు. అమ్మ సంతలో సవరం కొన్న ఏడు కూడా అదే. ఆ ఏడు ఎన్ని ఊళ్ళలో ఎంతమంది వెంట్రుకలు అమ్ముడుపోయి ఉంటాయో, సవరాలవాడు ఎక్కడెక్కడివి కలిపి ఒక కట్ట కట్టి ఉంటాడో నాకు తెలుసు. పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని. అది ఆమెదే అయ్యే అవకాశం దాదాపు లేదని నాకు తెలుసు. అయినా ఆమె "కాదు" అనని తల నాదొక్కటే.

శనివారం బడి మధ్యాహ్నం దాకా. సవరం ఒక శుభ్రమైన తుండుగుడ్డలో చుట్టి, సంచిలో పెట్టుకుని, కోటబొమ్మాళి నుంచి నౌపడా, అక్కడి నుంచి ఆటోలో వెళ్ళాను. ఉప్పు మళ్ళు దాటాక సరుగుడు తోట, తర్వాత ఇసుక, ఇసుకలో ఇళ్ళు. ఇవ్వడం ఎలాగో ఆటోలోనే అనుకుంటూ వెళ్ళాను. క్షమించమని ముందు అడగాలా, ముందు సవరం చేతిలో పెట్టాలా?

ఇంటి ముందు తాటాకు పందిరి కింద జనం ఉన్నారు. పొద్దున్న పోయిందట.

రైల్లో నాతో మాట్లాడిన అమ్మాయి నన్ను చూసి ఎదురొచ్చింది. ఎందుకొచ్చానో అడగలేదు. నా సంచి వైపు చూసి, నా చెయ్యి పట్టుకుని దడి వెనక్కి తీసుకెళ్ళింది. ఆడవాళ్ళు అప్పుడే స్నానం పోయించి కొత్త చీర కట్టారు. తువ్వాలు తీసేసి ఉంది. నేను మొదటిసారి ఆ తల చూశాను. నున్నగా, అక్కడక్కడా మెరుస్తూ, నుదురు నుంచి మెడ దాకా అతుకుల గీతలు. ఒక చెవికి పైభాగం లేదు. ఆడవాళ్ళు ఆ తల వైపు చూడకుండా మాట్లాడుకుంటున్నారు. తువ్వాలు మళ్ళీ కట్టాలా, కొంగు కప్పాలా అని.

నేను సంచి విప్పాను. ఎవరూ వద్దనలేదు. ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చున్నాను. ముడి నిలవడానికి ఆ తల మీద ఆధారం లేదు. సవరం తాడు నుదుటి మీదుగా తిప్పి, చెవుల వెనక నుంచి తెచ్చి, మెడ దగ్గర కట్టాను. పడుకున్న మనిషి కనుక పక్కకి, నిండుగా ఉన్న చెవి మీదికి కొప్పు చుట్టాను. జుట్టు నేను చుట్టినట్టు కాకుండా తనే చుట్టుకున్నట్టు ఒదిగిపోయింది. మా అమ్మ తల మీద గాని నా తల మీద గాని అది ఎప్పుడూ అలా కూర్చోలేదు. ఎప్పుడూ ఎక్కడో ఒకచోట ఎత్తుగా నిలబడేది.

కొడుకు లోపలికి వచ్చాడు. మా తమ్ముడి ఈడు మనిషి, చెంపలు నెరిశాయి. తల్లి మొహం చూసి, నిలబడ్డచోటే ఆగిపోయాడు.

"మాయమ్మకి ఇంత జుట్టుండీదా?" అన్నాడు. ఎవరిని అడిగాడో తెలియదు. అక్కడున్న పెద్దవాళ్ళలో ఒకామె తల ఊపింది. అతను బయటికి వెళ్ళి పందిరి గుంజ పట్టుకున్నాడు.

"ముసలమ్మని తీసుకురండి, ఆఖరిసారి చూసుకుంటాది" అన్నారెవరో. ఇద్దరు పిల్లలు ఒక ముసలామెని చెరో రెక్కా పట్టుకుని తెచ్చారు. కొప్పులావిడ అత్త, ఆ బకెట్టు తీసుకున్న మనిషి. రెండు కళ్ళూ తెల్లబడిపోయి ఉన్నాయి. చూసుకోవడమంటే ఇక తడుముకోవడమే. కోడలి పాదాల దగ్గర మొదలుపెట్టి, చేతులు, భుజాలు, గడ్డం తడిమింది. ఏడుస్తూనే ఉంది, రాగం తీస్తూ, కోడలి కష్టాలు ఒక్కొక్కటీ చెప్పుకుంటూ. చెయ్యి నుదురు దాటి పక్కకి వెళ్ళింది. కొప్పు తగిలింది.

రాగం తెగిపోయింది.

ఆమె కొప్పులోంచి ఒక పాయ కొంచెం లాగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దింది. ఇంకోసారి రుద్దింది. నేను ఆమెకి జానెడు దూరంలో ఉన్నాను. అది సవరమని, నేను తెచ్చానని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

"ఓలమ్మ" అంది, చాలా నెమ్మదిగా. "ఇదెవులు తెచ్చినారు?"

పాయని వదిలేసి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నాను ఇచ్చీసినాను కదర్రా. ఈ సేత్తోనే ఇచ్చీసినాను. ఊరు దాటి ఎల్లిపోనాది. నాను సూసినాను. ఇలగెలాగొచ్చినాదిది?"

పిల్లలు ఆమెని లేవదీశారు. మగవాళ్ళు పాడెని దగ్గరికి తెచ్చారు. మోసుకెళ్తుంటే గాలికి పైన వేసిన పూలు ఎగిరాయి, చీర కొంగు ఎగిరింది. కొప్పు అలాగే ఉంది. నేను పందిరి కింద ఉండిపోయాను. నాకు కొంచెం దూరంలో ముసలామె ఇసుకలో కూర్చుని, కుడిచేతి రెండు వేళ్ళూ చీరకి తుడుచుకుంటోంది. తుడిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్ళీ తుడుచుకుంటోంది. నేను ఆటో ఎక్కేదాకా తుడుచుకుంటూనే ఉంది.